బాబాయి బల్ల కింద బస్తాలు

ఇప్పుడంటే దరఖాస్తులు ఫోనులోంచే పెట్టేస్తున్నారు గానీ, నేను పనిలో చేరిన రోజుల్లో ప్రతి కాగితానికీ ఎక్కాల్సిన మెట్లుండేవి, ప్రతి మెట్టు మీదా నాకో అనుమానం ఉండేది. ఇందులో నా తప్పు సగమే. మా తాతయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్లో దిగిన రోజే ఎవరో ఆయన గొడుగు ఎత్తుకెళ్లారట. ఆస్తులేమీ మిగల్చలేదు గానీ ఆ గొడుగు మీది దిగులు మాత్రం మూడు తరాలకు పంచిపెట్టాడు. నా వాటాకు కాస్త ఎక్కువే వచ్చింది. బస్సులో పక్కవాడు టైమెంతైందని అడిగినా ముందు జేబు తడుముకుని తర్వాత చెప్పేవాణ్ణి.

డిగ్రీ అయి ఖాళీగా తిరుగుతుంటే మా బాబాయి తన దగ్గర పెట్టుకున్నాడు. ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం మీది గది ఆయన ఆఫీసు. ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పని, నల్లా పని కాంట్రాక్టుకు తీసుకునేవాడు. వాటికి అనుమతులు తేవడం నా పని. కరెంటుకు ఒక ఆఫీసు, నల్లాకు ఒక ఆఫీసు, నల్లా పైపు కోసం రోడ్డు తవ్వాలంటే ఇంకో ఆఫీసు. ఒక గుమాస్తా 'ఇంకో జిరాక్సు కావాలి' అన్నాడంటే, ఆయనకూ కింద జిరాక్సు అతనికీ లోపాయికారీ ఒప్పందం ఉందని నా నమ్మకం. (ఇద్దరూ ఒకే రంగు స్వెట్టర్ వేసుకోవడం నేను కళ్లారా చూశాను.) ఇంకో గుమాస్తా ఏమీ అడక్కుండా ఒక్కరోజులో సంతకం పెట్టించి ఇచ్చాడు. అతని గురించి ఆలోచిస్తూ వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

మా ఎలక్ట్రీషియన్‌ను అందరూ టెస్టరన్న అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది, దాంతోనే చెవి గోక్కునేవాడు. మెదక్ వైపు పల్లె ఆయనది. నేను చేరిన రెండో రోజే ఎంతో గంభీరంగా పిలిచి, సుల్తాన్ బజార్ పోయి మీటరు కడిగే సబ్బు తెమ్మన్నాడు. నాలుగు దుకాణాలు తిరిగాను. నాలుగో దుకాణాయన 'వాసనది కావాల్నా, వాసన లేంది కావాల్నా' అని అడిగేదాకా నాకు వెలగలేదు. తిరిగొచ్చేసరికి కూలీలంతా, బాబాయితో సహా, నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. టెస్టరన్న చెప్పింది ఏదీ ఇక జన్మలో నమ్మకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

అలాంటి సమయంలో హాస్టలక్క పని వచ్చింది. ఆవిడ నల్గొండ పల్లె నుంచి వచ్చి, పదేళ్లు ఎవరి హాస్టల్లోనో వంట చేసి, చివరికి నాంపల్లిలో ఒక పాత మేడ కిరాయికి తీసుకుని ఆడపిల్లల కోసం సొంతంగా హాస్టల్ పెడుతోంది. పాత పని అప్పటికే మానేసింది. పన్నెండు మంది పిల్లలు సోమవారం పెట్టెలతో దిగుతామన్నారు. నల్లా అనుమతి వచ్చేసింది, మిగిలింది కరెంటు. శనివారం ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరేనంటేనే మీటరు. లేదంటే పిల్లలు ఇంకో హాస్టల్ చూసుకుంటారు, అక్క మళ్లీ ఎవరి వంటింట్లోనో చేరాలి. 'తమ్మీ, జర గీ ఒక్కటి దగ్గరుండి చేయించు' అని రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది. (మూడుసార్లు ఎందుకు చేస్తోందా అని ఆవిడనూ కొంచెం అనుమానించాను.)

మీటరుకు ముందు ఎర్తింగ్ గుంత కావాలి. నేలలో లోతుగా గుంత తీసి పైపు దించితే, దారి తప్పిన కరెంటు మనిషిని పట్టుకోకుండా భూమిలోకి పోతుంది. అంతవరకే నాకు తెలుసు. గురువారం టెస్టరన్న గుంత తీయించి, పైపు నిలబెట్టి, చెల్లెలి బిడ్డ ఫంక్షనని ఊరికి బయల్దేరాడు. పోయేముందు బేగం బజార్ నుంచి రెండు బస్తాల ఉప్పు, ఒక బస్తా బొగ్గు దింపించి నాకు అప్పగించాడు. 'ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు, గట్ల నింపుకుంట రావాలె. మీదికెల్లి నీళ్లు పోయించు. నేను శనివారం పొద్దుగాల్నే వస్త' అన్నాడు.

తలూపాను గానీ లోపల నవ్వుకున్నాను. కరెంటు పనికి ఉప్పేమిటి, బొగ్గేమిటి? పైగా ఆయన బావమరిదికి స్టేషన్ రోడ్డులో కబాబు బండి ఉందని నాకు తెలుసు. సరుకు అటు పోవడానికైనా వచ్చి ఉండాలి, లేదా నేను గుంతలో ఉప్పు పోయిస్తుంటే ఎవరో చాటు నుంచి ఫొటో తియ్యడానికైనా అయ్యుండాలి. రెంటిలో దేనికీ దొరకదలుచుకోలేదు. కూలీలతో గుంతను ఉత్త మట్టితో పూడ్పించాను. వాళ్లలో ఒకతను 'ఉప్పు ఎయ్యమా?' అని అడిగాడు. అతనూ టెస్టరన్న జట్టులోవాడే అనుకున్నాను. మూడు బస్తాలూ ఆటోలో వేసుకుని ఆబిడ్స్ తెచ్చి బాబాయి బల్ల కింద దాచాను. సాక్ష్యం కాబట్టి వాటి మీద తేదీ కూడా రాశాను. బాబాయి మర్నాడంతా వాటి మీద కాళ్లు పెట్టుకుని పేపరు చదివాడు గానీ ఇవేమిటని అడగలేదు. (ఆయన మీదా అనుమానం వచ్చింది.)

శనివారం పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, మాట తక్కువ మనిషి. టెస్టరన్న ఊరి నుంచి నేరుగా వచ్చి, కొత్త చొక్కా మీద పసుపు మరకలతో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ డబ్బా లాంటి కొలిచే యంత్రం తీసి, గుంతలోని పైపుకు తీగ తగిలించి చూశాడు. ఇంకోసారి చూశాడు. 'ఎర్త్ అస్సలు వస్తలేదు. ఇదంతా రాతినేల. తడి ఆపనీకి ఉప్పు, బొగ్గు ఏసిన్రా లేదా?' అన్నాడు.

ఉప్పు అనే మాట సర్కారు మనిషి నోట విన్నాక గానీ అది నిజంగానే కరెంటు పనికి కావాలని నాకు నమ్మకం కుదరలేదు. హాస్టలక్క మెల్లగా టెస్టరన్న వైపు తిరిగింది. 'సామాను నా ముంగటనే దిగింది గదన్నా. మరి ఏడవోయింది?' అంది. ఆయన్ను ఎవరూ దొంగ అనలేదు గానీ అందరూ ఆయన వైపే చూస్తున్నారు. రెండు రోజులుగా నేను ఎదురుచూసింది సరిగ్గా దీనికోసమే. తీరా చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. టెస్టరన్న ఒక్కసారి నా మొహం చూశాడు, ఆయనకు అర్థమైపోయింది. నేను నోరు తెరిచేలోపే 'తప్పు నాదే సార్. ఊరికి పోయే ఆగంల మర్సిపోయిన. నాలుగింటి దాకా టైమియ్యిన్రి' అన్నాడు. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుని, ఖైరతాబాద్‌లో ఇంకో పని చూసుకుని వస్తానని వెళ్లాడు.

ఆబిడ్స్‌కు పరిగెత్తాను. కాళ్ల కింది నుంచి బస్తాలు లాగుతుంటే బాబాయి పేపరు దించి 'అవి నాంపల్లి గుంతవి కావు కదరా' అన్నాడు. 'అవే' అన్నాను. ఆయన లేచి, బస్తాకు రెండో కొస తనే పట్టుకుని మెట్లు దిగాడు. నాంపల్లిలో టెస్టరన్న అప్పటికే మట్టి తోడిస్తున్నాడు. నేనూ గుంతలోకి దిగాను. ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు. తల మాత్రమే పైకి కనిపిస్తుండగా హాస్టలక్కతో నిజం చెప్పేశాను, అన్న తప్పేమీ లేదని, బస్తాలు దాచింది నేనేనని. ఆవిడ చేతిలోని బిందె ఎత్తి, గుంతలో పొయ్యాల్సిన నీళ్లు నా నెత్తిన పోసింది. ఎలాగూ అవీ గుంతలోకే చేరాయి. నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ మళ్లీ తీగ తగిలించి చూసి, తడిసి ముద్దైన నన్నూ చూసి, సంతకం పెట్టాడు. సోమవారం పన్నెండు మందీ దిగారు.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది. టెస్టరన్న నన్నెందుకు కాపాడినట్టు? ఏదో ఒకరోజు ఏదో అడుగుతాడని నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉన్నాను. ఏమీ అడగలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను. ఆయన టెస్టర్‌తో చెవి గోక్కుంటూ 'నిన్ను సబ్బు కోసం తిప్పింది నేనే గదా తమ్మీ. గప్పటిసంది నువ్వు నా మాట నమ్ముతలేవు. తప్పు నాదేనని సార్‌తోని చెప్పిన. అబద్ధం ఏం చెప్పలే' అన్నాడు.

టెస్టరన్న ఇప్పుడు లేడు. బాబాయి బల్ల నాదైంది. ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తూ ఉండాలని నేర్పింది ఆయనే. అందుకే నాంపల్లి వెళ్లినప్పుడల్లా హాస్టల్ దగ్గర ఆగి, గుంత మూత ఎత్తి ఒక బకెట్ నీళ్లు పోసి వస్తాను. ఈమధ్య అక్క కొత్త వాచ్‌మన్‌ను పెట్టింది. 'ఏంది సార్, దాంట్ల ఏం పోస్తున్నరు?' అంటాడు. నీళ్లేనంటే నమ్మడు. నేను చూస్తుండగానే వంగి వాసన చూస్తాడు. నాకేమీ కోపం రాదు. పాపం, వాళ్ల తాతయ్య గొడుగు కూడా ఏ స్టేషన్లోనో పోయి ఉంటుందనుకుని, ఖాళీ బకెట్ అతని చేతికే ఇచ్చి వచ్చేస్తాను.