డిక్కీలో ఒక్కదానికే చోటు

మా పెద్దమ్మ బోర్డులు రాస్తుంది. మందుల షాపు, కళ్లజోళ్ల షాపు, టైలరింగ్, డ్రైవింగ్ స్కూలు, ఏదైనా సరే, బ్రష్షు పట్టుకుని చేత్తోనే. ఫ్లెక్సీలు వచ్చాక ఆవిడతో పాటు పనిచేసినవాళ్లంతా ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. ఈవిడ మాత్రం కదల్లేదు. "ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకి వెలిసిపోతుంది. నా అక్షరం షాపు మూసేశాక కూడా గోడ మీద ఉంటుంది" అనేది. అది నిజమే. మా వీధిలో ఎప్పుడో మూతపడ్డ రేడియో రిపేరు కొట్టు పేరు ఇప్పటికీ చదవొచ్చు.

ఒక నగల దుకాణం ముందు పరంజా మీద నిలబడి రాస్తుండగా తాడు జారి కింద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుం కింద నుంచి కాళ్లు మాట వినడం మానేశాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక బంధువులంతా వరసగా వచ్చి, ఇక మీదట ఏం చెయ్యకూడదో చెప్పి వెళ్లారు. అందరికీ టీ ఇప్పించి, అంతా విని, వాళ్లు గుమ్మం దాటగానే బోర్డులు ముందు గదిలోకి తెప్పించుకుంది. చక్రాల కుర్చీలో కూర్చుంటే బోర్డు కింది సగమే చేతికి అందేది. ఆ సగం రాసి, ఆరాక, బోర్డుని తలకిందులు చేయించి మిగతా సగం తలకిందులుగా రాసేది. మళ్లీ నిలబెడితే ఎక్కడ అతుకో ఎవరికీ తెలిసేది కాదు.

కారు సంగతికి వస్తాను. ఒక పాత కార్ల షెడ్డు వాడు బోర్డు కోసం ఆవిణ్ణి పిలిపించుకున్నాడు. కొలతలు చూడ్డానికి వెళ్తే, మూలన టార్పాలిన్ కింద ఎర్రగా ఏదో కనిపించింది. తీసి చూపించమంది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. గేర్లు మార్చే పని లేనిది.

"దీన్ని ఎవరూ కొనట్లేదండీ" అన్నాడు షెడ్డు వాడు. "ఇద్దరికే చోటు. నేలకి జానెడు ఎత్తు. సామాను పట్టదు. పెళ్లాం పిల్లలున్నవాడికి దేనికి పనికొస్తుంది చెప్పండి?"

"నాకు పెళ్లామూ లేదు, పిల్లలూ లేరు. ఎంత?" అంది పెద్దమ్మ.

ముసలితనానికని దాచుకున్న డబ్బు ముసలితనం రాకముందే ఖర్చయిపోయింది. మెకానిక్కుని పట్టుకుని బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నొక్కేలా స్టీరింగు పక్కన ఒక లివరు పెట్టించుకుంది. లైసెన్సు మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. కుర్చీలోంచి కారు సీటులోకి జారడానికి ఒక నున్నటి చెక్క చేయించుకుంది. దిగడం సులువే, అంత కిందున్న సీటులోంచి మళ్లీ కుర్చీలోకి ఎక్కడమే కష్టం. చక్రాలు తిప్పీ తిప్పీ ఆవిడ చేతులు రాటుదేలాయి కాబట్టి సరిపోయింది.

మా మామయ్య, అంటే పెద్దమ్మ తమ్ముడు, మా అమ్మకి అన్నయ్య, లారీ నడుపుతాడు. కారు చూసి తల పట్టుకున్నాడు.

"ఈ వయసులో స్పోర్ట్స్ కారేంటక్కా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీరా. కుర్చీలో వెళ్తుంటే అయ్యో పాపం అంటున్నారు. దానికంటే నవ్వడమే నయం."

ఊళ్లో తిరిగినంత కాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఘాట్ రోడ్డెక్కి పైనున్న చెరువు దాకా వెళ్తానని ఆవిడ ప్రకటించినప్పుడు మొదలైంది గొడవ. ఎందుకంత దూరం అంటే, "ఇన్నేళ్లూ అక్షరాలకి వంపులు తిప్పాను. ఒక్కసారి నేనే వంపులు తిరగాలి" అంది. తోడుగా మా అమ్మని రమ్మంది. మా అమ్మ బడి ఆఫీసులో గుమస్తా. వంటింటి గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి. అలాంటిది ఏమనుకుందో ఏమో, సరేనంది.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ఆ కారు డిక్కీలో చక్రాల కుర్చీ మడిచి పెడితే స్టెప్నీ, అదే అదనపు చక్రం, పట్టదు. స్టెప్నీ పెడితే కుర్చీ పట్టదు. ఊళ్లో తిరిగేటప్పుడు స్టెప్నీ ఇంట్లోనే పడుండేది. వెనకాల క్యారియరు బిగించమంటే, మూత పల్చటి ఫైబరుది, బరువు ఆపదన్నాడు మెకానిక్.

ఆ ఆదివారం ముందు గదిలో పంచాయితీ జరిగింది. రంగు డబ్బాల మధ్య స్టూలు వేసుకుని మామయ్య కూర్చున్నాడు.

"అక్కా, నేను లారీ ఎక్కినప్పటి నుంచి ఒకటే మాట. స్టెప్నీ లేకుండా గేటు దాటను. ఘాట్ రోడ్డంటే ఏమనుకుంటున్నావు? కొండ మీద నుంచి రాళ్లు రాలతాయి. అక్కడ పంచరైతే ఏం చేస్తావు?"

"పంచరు మందు డబ్బా ఉందిగా. టైర్లోకి కొట్టి గాలి పెట్టుకుంటే సరి."

"చిన్న మేకు దిగితే సరి. టైరు సైడు చీలితే ఆ మందు నురగలా బయటికొస్తుంది, అంతే."

"అయితే ఏం చెయ్యమంటావు?"

మామయ్య కొంచెం గొంతు తగ్గించాడు. "కుర్చీ వదిలెయ్. నాలుగు రోజులేగా. దిగిన చోటల్లా మనుషులుంటారు. ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెడతారు."

పెద్దమ్మ చేతిలో బ్రష్షు ఆగింది. దాన్ని కిరోసిన్లో ముంచి, గుడ్డతో తుడిచి, పక్కన పెట్టింది. అప్పుడు మాట్లాడింది.

"ఎవరో ఒకరు నన్నెత్తితే ఎలా ఉంటుందో నీకు తెలీదురా. చంకల కింద చెయ్యి పెడతారు. చీర ఎక్కడికి పోతుందో వాళ్లకి పట్టదు. నా తల మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. అక్కడ పెట్టనా, ఇక్కడ పెట్టనా అని నన్నడగరు, నీలాంటి వాణ్ణి అడుగుతారు. ఆసుపత్రిలో పడ్డాను అదంతా. ఇక పడను."

"అది కాదక్కా..."

"టైరు పోతే కారు ఆగుతుంది. కుర్చీ లేకపోతే నేను ఆగిపోతాను. కారు ఆగితే ఆగనీ."

మామయ్య మా అమ్మ వైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. అమ్మ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బయల్దేరే రోజు తెల్లవారుతూనే మామయ్య వచ్చాడు. టైర్లలో గాలి చూశాడు, ఇంజను ఆయిలు చూశాడు, అద్దం తుడిచాడు. పెద్దమ్మ చెక్క మీద నుంచి సీటులోకి జారి బెల్టు పెట్టుకుంది. అమ్మ కుర్చీ మడిచి వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచింది. లోపల స్టెప్నీ ఉంది. మేమెవ్వరం చూడనప్పుడు పెట్టేశాడు.

"నోరెత్తకు. ఎక్కు. కదిలాక ఇక ఏమీ అనదు. కుర్చీ ఇంట్లో పెడతాను, ఇలా ఇచ్చెయ్" అన్నాడు అమ్మతో, లోగొంతులో.

నేను గుమ్మంలో ఉన్నాను. మా అమ్మ అన్నయ్య మాటకి ఎదురు చెప్పగా అంతవరకూ నేను చూడలేదు. కుర్చీని గోడకి ఆనించింది. కొంగు నడుముకి దోపుకుంది. వంగి, ఆ స్టెప్నీని రెండు చేతులా పట్టి, ఒక్క గుంజు గుంజి నేల మీద పడేసింది. అది దొర్లుకుంటూ పోయి మెట్టుకి తగిలి పడింది.

"రేపు దారిలో ఏదైనా అయితే నాది పూచీ కాదు" అన్నాడు మామయ్య, మొహం గంటు పెట్టుకుని.

"నిన్నెవరడిగారన్నయ్యా?" అంది అమ్మ. కుర్చీ లోపల పెట్టి డిక్కీ మూసింది. ఆ చప్పుడుకి ముందు సీట్లోంచి పెద్దమ్మ, "ఏమైందే అక్కడ?" అని అరిచింది. "ఏం లేదక్కా, పద" అంది అమ్మ.

ఇక్కణ్ణుంచి ఇద్దరూ చెప్పగా విన్నది. మైదానంలో రోడ్డు సాఫీగా సాగింది. పెట్రోలు బంకుల దగ్గర కుర్రకారు కారు చుట్టూ మూగి, డ్రైవరు సీటులో నెరిసిన జుట్టు చూసి వెనక్కి తగ్గేవారట. ఘాట్ రోడ్డు ఎక్కాక పెద్దమ్మ మాట్లాడ్డం మానేసింది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి లివరు మీద. ఒక్కో వంపు రాగానే వేగం తగ్గించి, మధ్యలో కొంచెం కొంచెం పెంచుతూ, చివర్లో కారుని ముందుకి వదిలేది. అమ్మ కళ్లు మూసుకుని తలుపు పట్టుకుని కూర్చుంది. కళ్లు తెరిచేసరికి పెద్దమ్మ నవ్వుతోందట. పరంజా మీద నుంచి పడకముందు ఆ నవ్వు ఉండేదని అమ్మ తర్వాత నాతో అంది.

సగం కొండెక్కాక దారికి అడ్డంగా ఒక పదునైన రాయి. తప్పించబోతే ఎదురుగా బస్సు. రాయి మీదకే పోనిచ్చింది. ఠప్పుమంది. పక్కకి తీసి ఆపింది. ముందు టైరు సైడు, కత్తితో కోసినట్టు చీలింది. మందు డబ్బా కొడితే తెల్లగా నురగ కక్కింది. అచ్చం మామయ్య చెప్పినట్టే.

"అన్నయ్యకి ఫోన్ చెయ్యనా?" అంది అమ్మ.

"చేస్తే నేను కొండ దూకుతాను."

ఒక లారీ ఆగింది. డ్రైవరు మంచివాడే. "పెద్దావిణ్ణి నేనూ క్లీనరూ ఎత్తి క్యాబిన్లో కూర్చోబెడతాం, కింద దింపేస్తాం" అన్నాడు. పెద్దమ్మ దండం పెట్టి వద్దంది. దగ్గర్లో పంచరు షాపు ఎక్కడుందో చెప్పమంది. రెండు వంపులు కిందికి దిగితే ఉందన్నాడు.

జాకీ, వీల్ పానా సీటు కింద ఉన్నాయి. మా అమ్మ జన్మలో చక్రం విప్పలేదు. పెద్దమ్మ కుర్చీలోకి ఎక్కి పక్కన చేరి చెబుతుంటే, అమ్మ పానా మీద కాలేసి నిలబడి తొక్కితే నట్లు కదిలాయి. కారు జారకుండా వెనక చక్రాలకి రాళ్లు పెట్టారు. ఊడొచ్చిన చక్రాన్ని పెద్దమ్మ తన ఒళ్లో పెట్టించుకుంది. చీరంతా మసి. ఆ అవతారంలో, ఒళ్లో కారు చక్రంతో, తన చక్రాలు తనే పట్టి ఆపుకుంటూ కొండ దిగింది. అమ్మ వెనక నుంచి కుర్చీని పట్టుకుని దాదాపు పరిగెత్తింది. వచ్చేపోయే బండ్లన్నీ నెమ్మదించి చూశాయి. "చూడనీవే. టిక్కెట్టు పెట్టాల్సింది" అందట పెద్దమ్మ.

షాపు వాడు టైరు చూసి పెదవి విరిచాడు. సైడు కట్ అతకదు. ఈ కొలత టైరు కొండ మీద దొరకదు. కింద పట్నంలో చెబితే రేపు బస్సులో వేస్తారు. అంటే రాత్రికి అక్కడే. షాపు వెనక అతనికి ఒక గది ఉంది, కింది అంతస్తే, గుమ్మం వెడల్పు సరిపోయింది. మాటల్లో ఈవిడ బోర్డులు రాస్తుందని తెలిసి అతను తన షాపు బోర్డు చూపించాడు. సగం పెచ్చులూడిపోయి ఉంది. "వీలైతే కాస్త..." అని నసిగాడు.

"సెలవులో ఉన్నాను నాయనా" అంది పెద్దమ్మ. "ఊరికి రా, రాసిస్తాను."

సాయంత్రం మామయ్య ఫోన్ చేశాడు. ఎక్కడున్నారంటే మా అమ్మకి అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతలి నుంచి ఆయన గొంతు గది అంతా వినిపించిందట. "చెప్పానా లేదా? స్టెప్నీ ఉంటే పావుగంటలో మార్చుకుని వెళ్లేవాళ్లు! చెప్పానా లేదా?"

పెద్దమ్మ ఫోన్ తీసుకుంది. "చెప్పావురా. నువ్వు చెప్పింది చెప్పినట్టే జరిగింది. టైరు సైడే చీలింది. మందు నురగే కక్కింది. నీ మాట నూటికి నూరుపాళ్లు నిజం."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని మామయ్య అనుకోలేదు. "మరింకేం, ఈసారైనా స్టెప్నీ పెట్టుకుంటావా?" అన్నాడు.

"పెట్టుకోను."

"అక్కా!"

"ఈసారీ కుర్చీయే. ఆ పైసారీ కుర్చీయే. నీ స్టెప్నీ ఉంటే పావుగంటలో వెళ్లిపోయేవాళ్లం, నిజమే. కానీ టైరు మారుస్తున్నంతసేపూ, చెరువు దగ్గరికి చేరాకా, నేను సీట్లో మూటలా పడుండేదాన్ని. ఇవాళ టైరు పోయింది, నేను నా అంతట నేను షాపుకొచ్చాను, బేరమాడాను, మంచం ఎటు వెయ్యాలో చెప్పాను. ఒక రోజు పోయింది. పోనీరా."

"నేను లారీ వేసుకుని వస్తాను."

"వస్తే నీతో మాట్లాడను. పడుకో."

మర్నాడు మధ్యాహ్నానికి బస్సులో టైరు వచ్చింది. షాపు వాడు రిమ్ముకి ఎక్కించి ఇస్తే, పెద్దమ్మ తన చెక్క మీదుగా ఆటోలోకి జారింది, కుర్చీ మడిచి పెట్టుకుని పైకి వెళ్లాక అమ్మే చక్రం బిగించింది. ఆటో డ్రైవరు చెయ్యి వెయ్యబోతే, "ఉండు బాబూ, నాకొచ్చు" అందట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు మా అమ్మ మొహం చూడాలి.

చెరువు చేరేసరికి ఎండ పల్చబడింది. గట్టు మీద కాలిబాట ఉంది. మొదట్లో ఒక గేటు, కాపలావాడు, పక్కన బోర్డు: వాహనాలు లోనికి అనుమతించబడవు.

"చక్రాలున్నవి ఏవీ లోపలికి పంపకూడదమ్మా" అన్నాడు కాపలావాడు, ఇబ్బంది పడుతూ. "ఇక్కణ్ణుంచే చూడండి. బాగానే కనిపిస్తుంది."

పెద్దమ్మ బోర్డు వైపు చూసింది, అతని వైపు చూసింది. "నేను వాహనాన్నా?"

"అబ్బే, మీరు కాదు..."

"కుర్చీ వాహనమా? మీ ఇంట్లో కుర్చీలున్నాయా? వాటిని వాహనాలంటావా?"

అతను తల గోక్కున్నాడు. ఈలోపు ఆవిడ గేటు రెక్కని చేత్తో తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. బాట చదునుగా ఉంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క గడ్డి. అమ్మ వెనకాలే వెళ్లి కుర్చీ పట్టుకోబోయింది.

"వదులు" అంది పెద్దమ్మ.

వదిలింది. పెద్దమ్మ రెండు చక్రాలనీ గట్టిగా ఒక్క తోపు తోసి ముందుకు పోయింది. అమ్మ పిలిచినా వెనక్కి తిరగలేదు.