తొట్టిలో పడుకుని వినమన్న బావ

మా యాకోబు బావ ఇక లేరు. టేకులపల్లిలో ఈ వార్త తెలియని ఇల్లు లేదు. అయినా నా చేత్తో రాస్తుంటే ఇప్పుడే విన్నట్టుంది. చేలో మిరపకాయలు ఏరుతుండగా మా అక్క కూతురు సలోమి ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నాయిన లేస్తలేడు" అంది.  మధ్యాహ్నం అన్నం తిని, తన వెల్డింగు షెడ్డులో ఎవరో తెచ్చి నిలిపిన పాత ట్రాలీ కింద గోనెపట్టా పరుచుకుని ఎప్పటిలాగే పడుకున్నారట. కళ్లు మూసుకుని, అరచెయ్యి బండి అడుగున చట్రానికి, అదే చాసీకి ఆనించి. వచ్చిన వాళ్లు చూసి, బండి చప్పుడు వింటున్నాడులే అనుకుని బయట బల్ల మీద కూర్చున్నారు. ఆయన అలా ఉన్నప్పుడు పిలవకూడదని అందరికీ తెలుసు కదా. టేకు చెట్ల నీడ షెడ్డులోకి పాకి వచ్చేదాకా ఎవరూ పిలవలేదు. అంత నెమ్మదిగా వెళ్లిపోయారు, నిద్రలో నుంచి ఇంకో నిద్రలోకి నడిచినట్టు.

బావ చేసేది రేకు పని, వెల్డింగు పని. కానీ ఆయన పేరు పాకింది ఇంకో విద్యతో. సరుకు వేసే చిన్న మోటారు ట్రాలీ పాతది కొనాలంటే, అడవి గూడేల నుంచి కల్లూరు దాకా ఎవరైనా సరే, ముందు ఆయన దగ్గరికి తోలుకొచ్చేవారు. తుప్పు ఎక్కడ దాగింది, బాగు చేయించుకుంటే ఖర్చు ఎంత మీద పడుతుంది అని. బావ వెంటనే బండి చుట్టూ తిరిగేవారు కాదు. వెనక తొట్టిలో ఒక బిందె నీళ్లు పోయించి, చాయ్ తాగుతూ కూర్చునేవారు. నీళ్లు దారి వెతుక్కుంటూ చుక్కలు చుక్కలుగా ఎక్కడ కారతాయో చూసేవారు. ఆ చుక్కను వేలికి తీసుకుని వాసన చూసేవారు. "ఇనుము యాడ పండుకుంటె ఆడి కలలే కంటది మరదలా" అనేవారు నాతో. ఆయన చెబుతుంటే బండ్లకు బాల్యం, యౌవనం ఉన్నట్టే తోచేది. ఇది ఇటుకబట్టీలో పెరిగింది, ఇది గోదావరి ఇసుకలో నానింది అని, చుట్టాల సంగతి చెప్పినట్టే చెప్పేవారు.

తట్టి చూడటం ఆయనకు ఊపిరిలాంటిది. మా ఇంటికి భోజనానికి వచ్చినా ముందు గంజి గిన్నె అడుగు తట్టేవారు. "పల్చబడ్డది, మార్సు" అనేవారు. మా అక్క రూతమ్మ ఊరుకునేది కాదు. "నన్ను సూడొచ్చిన దినం గూడ మా నాయిన ఇంటి తలుపు రేకు తట్టి సూసిండు గని, నా మొకం సూడలేదు" అని నలుగురిలో దెప్పేది. "తలుపు గంత గట్టిగుంటె లోపలి మనిషి ఇంకెంత గట్టిగుంటదో అనుకున్న. తప్పయిందా?" అనేవారు బావ, కంచంలోంచి తలెత్తకుండా. అక్క పెదవుల మీదికి వచ్చిన నవ్వును కొంగుతో తుడుచుకునేది.

మా ట్రాలీ సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టు కాదు. మా ఆయన సామేలు ఎడ్ల జత అమ్మేశారు. మళ్లీ ఎడ్లు కొనే శక్తి లేదు. ఆ డబ్బుతో వచ్చే బండి ఒక్కటే మాకు బతుకు. మిరప మూటలు, కూలికి వెళ్లే ఆడవాళ్లు, ఆదివారం గుడికి వచ్చే ముసలివాళ్లు, అందరూ దాని మీదే పోవాలి. బ్రోకరొకడు తెల్లగా మెరిసే ట్రాలీ తెచ్చి మా వాకిట్లో నిలిపాడు. మధిర నుంచి ఇంకొకళ్లు సాయంత్రానికి వస్తున్నారని తొందరపెట్టాడు. ఆ తొందరలో మేమొక పొరపాటు చేశాం. డబ్బు కట్టకముందే, బావకు చూపించకముందే పాస్టరు గారిని పిలిచి, బండి ముందు కృతజ్ఞతా ప్రార్థన చేయించి, బానెట్టు మీద నూనె రాయించి, వాడంతటికీ పులిహోర పంచాం.

బావ వచ్చి నీళ్లు పోయించారు. చుక్క వాసన చూశారు. "సముద్రం" అన్నారు మెల్లగా. బండి కిందికి దూరి, కళ్లు మూసుకుని చాసీకి అరచెయ్యి ఆనించి విన్నారు. తర్వాత నల్లగా నిగనిగలాడే తారు రంగు మీద స్క్రూడ్రైవరు ఆనించారు. మగ్గిన బొప్పాయిలోకి దిగినట్టు దిగిపోయింది.

"శాపల పెట్టెలు మోసిన బండిది. ఉప్పునీళ్లు చాసీని తిన్నయి. చాసీకి పట్టీలెయ్యాలె, తొట్టి మళ్ల కట్టాలె. బండి కొన్నంత అయితది సామేలు. వద్దు."

మా ఆయన ముఖం మాడిపోయింది. "ప్రార్థన చేయించిన బండిని వద్దంటవా అన్నా? రేపు ఊళ్లె తలెత్తుకోవాల్నా వద్దా?"

"ప్రార్థన మీకు చేసిండ్రురా, రేకుకు కాదు. మీరు మంచిగనే ఉన్నరు. బండే మంచిగ లేదు."

బ్రోకరు ఎగతాళిగా, "కళ్లు మూసుకొని బండ్లు సూసుడేంది పెద్దాయనా?" అన్నాడు.

బావకు కోపం రాలేదు. "నేను కాదు తమ్మీ వినేది. తొట్టిల కూసునేటోళ్లు వినాలె. మరదలా, ఎక్కు. గోనెపట్టా మీద పండుకొని చెవి పెట్టు."

ఆయన పద్ధతే అది. కొనేవాళ్ల మాటతో తేల్చేవారు కాదు. ఆ తొట్టిలో రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్లనే పడుకోబెట్టి, అడవి దారిలో తనే నెమ్మదిగా నడిపేవారు. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది. పైన టేకు కొమ్మలు వెనక్కి వెనక్కి ఈదుతున్నాయి. ఇప్పపూల తీపి వాసన గాలిలో మత్తుగా తేలుతోంది. ఆకాశం ఊయలలా ఊగుతోంది. నా చెవి కిందనేమో ఏదో సన్నగా, ఆగకుండా రాలుతోంది, రేకు డబ్బాలో ఇసుక కదిలినట్టు. గుంత దగ్గర బావ కేకేశారు. "ఏమన్నా వినపడ్తందా మరదలా?"

"రాలుతంది బావా. లోపలేందో రాలుతంది."

దిగి వచ్చి మా ఆయనతో నేనే చెప్పాను. "ఈ బండి నాకొద్దు. నేనెక్క. ఆడోళ్లనెవ్వర్నీ ఎక్కనియ్య." పాస్టరు గారు కూడా తల ఊపారు. "ప్రార్థన ఎక్కడికీ పోదు సామేలూ, మంచి బండికి పనికొస్తది." బావ బ్రోకరుకు చాయ్ పోయించి పంపారు.  మా ఆయన మాత్రం వారాల తరబడి బావ షెడ్డు ముందు నుంచే ముఖం తిప్పుకుని పోయేవారు.

తర్వాత బావే ఒక బండి వెతికి తెచ్చారు. రంగు వెలిసి, ఒళ్లంతా సొట్టలు, తలుపు అంచున ఎర్రటి తుప్పు. చూసి మా ఆయన, "దీనికంటె నా ఎడ్లే నయం" అన్నారు. "జంగు పైకి కనపడ్తందంటె అది దొంగ కాదు" అన్నారు బావ, ఆ తుప్పు మీద వేలు పెట్టి. "తలుపు రేకు, బ్రేకు పైపులు మార్సుకోండి. తతిమ్మావి పంట అమ్మినంక." నేను మళ్లీ పడుకుని విన్నాను. ఈసారి రాలే చప్పుడు లేదు. గుడి గంట కొట్టడం ఆపేశాక గాలిలో మిగిలే మోత ఉంటుందే, అది వినిపించింది. ఆ మాటే చెప్పాను. మా ఆయన తాళంచెవి అందుకున్నారు. ఇప్పటికీ మా ఇంటిల్లిపాదినీ పోషిస్తున్నది ఆ బండే.

నిన్న బావను సమాధుల తోటకు తీసుకుపోయింది కూడా అదే. వేరే బండి మాట్లాడతామని సంఘపు పెద్దలన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు, తనే నడుపుతానన్నారు. పెట్టె పక్కన అక్క, సలోమి, నేను కూర్చున్నాం. అవే టేకు కొమ్మలు పైన వెనక్కి ఈదుతున్నాయి. మా ప్రాంతంలో రేకు పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇంకా వస్తారు. తొట్టిలో కూర్చునే ఆడమనిషి చెవిని నమ్మి బండి తేల్చే మనిషి మాత్రం మళ్లీ రారు. అటువంటి మహనీయుని చెల్లెలి వరుసలో కాక మరదలి వరుసలో పుట్టి, ఆయనతో పరాచికాలాడిన భాగ్యానికి చేతులు జోడిస్తున్నాను.

దారిలో గుంత వచ్చింది. బండి నెమ్మదించింది. ముందు నుంచి మా ఆయన గొంతు వినబడింది.

"ఏమన్నా వినపడ్తందా?"

నేను వంగి, బావ పెట్టె పక్కన తొట్టికి చెవి ఆనించాను.

"ఏం రాలుతలేదు. పోనియ్యి."