తెడ్డు పాతిన చోటు

జాలరిపేటలో దూరపు వేటకు వెళ్లేవాడు తన పడవ నిలిచే చోట ఇసుకలో ఒక పాత తెడ్డు పాతి వెళతాడు. వారాల తరబడి రాకపోయినా అక్కడ మరొకరు పడవ పెట్టరు. పెట్టక తప్పనినాడు ముందు అతని ఇంటికి వెళ్లి అడగాలి. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు. న్యాయవాది ఈశ్వరి హక్కు గురించి నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఆమె కోపానికి మూలమూ ఇదే.

తల్లి పోయాక ఆమెను పిన్ని గంగాలమ్మ పెంచింది, నెత్తళ్లనే చిన్న చేపలను ఎండబెట్టి అమ్మి చదివించింది. ఈశ్వరి భౌతికశాస్త్రంలో డిగ్రీ, ఆపైన న్యాయశాస్త్రం పూర్తిచేసి, 1996లో గురునాథరావు గారి దగ్గర జూనియరుగా చేరింది. పోర్టుకు వచ్చే ఓడల సరుకు తగాదాలు ఆయన ప్రత్యేకత. ఓడ ఒక దేశానిది, సరుకు ఇంకొక దేశానిది, నష్టపోయినవాడు మూడో దేశంవాడు; అప్పుడు ఏ చట్టం వర్తిస్తుంది? కొన్నేళ్లకు అదే ప్రశ్న ఆమెకు ఇంటర్నెట్టులోనూ కనిపించింది. దాని మీద వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది.

"ఉన్న ఓడలు వదిలేసి కనబడనివాటికి లంగరు వేస్తానంటావేంటమ్మా?" అన్నారు గురునాథరావు గారు.

"ఓడ కనబడకపోయినా మునిగినవాడు కనబడతాడు సార్."

మునిగింది ఆమె ఇల్లే. గంగాలమ్మ అధ్యక్షురాలిగా ఉన్న ఎండుచేపల మహిళా సంఘానికి ఒక వెబ్‌సైటు ఉండేది. దాని ఇంటర్నెట్టు పేరును ఏటేటా రుసుము కట్టి మళ్లీ తమ పేరున రాయించుకోవాలి. 2003లో ఆ గడువు వేట నిషేధం రోజుల్లో పడింది. చేపలు లేవు, సంఘం తలుపుకు తాళం, గడువు గుర్తుచేస్తూ వచ్చిన ఈమెయిళ్లు చూసే దిక్కు లేదు. గడువు సంగతి గంగాలమ్మకు తెలియక కాదు. పడవలు గట్టెక్కి ఉన్న రోజుల్లో ఎవరి చోటూ ఎవరూ ముట్టరు కదా అనుకుంది.

సముద్రం అవతల ఎవరో ముట్టారు. గడువు తీరీతీరగానే, పేర్లతో వ్యాపారం చేసే ఒక విదేశీ కంపెనీ ఆ పేరును తనదిగా రాయించుకుని, అందులో జూదం ప్రకటనలు పెట్టింది.

"మా సంగం పేరు కొడితే పేకాటొత్తందంటే! ఏటే ఇది?" అని గంగాలమ్మ ఈశ్వరి మీదికి వచ్చింది. "ఆడెవడో ఇంటికొచ్చి అడిగినాడా?"

"అడగక్కర్లేదంట పిన్నీ. కాళీగుంటే ముందొచ్చినోడిదేనంట."

"కాళీ ఏటే? నాను సచ్చిపోనానా?"

ఇలాంటి పేర్ల తగాదాలు తేల్చే అంతర్జాతీయ సంస్థకు ఈశ్వరి ఫిర్యాదు చేసింది. తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. అందులో సంఘం అజాగ్రత్త గురించి మూడు పేరాలు ఉన్నాయి. కాచుకుని కూర్చుని ఎత్తుకుపోయినవాడి గురించి ఒక్క వాక్యం లేదు. ముందు వచ్చినవారికే దక్కడం అత్యంత న్యాయమైన పద్ధతి అని చివరి మాట. ఆ మాట చదివిన వారంలోనే ఆమె ఓడల కేసులు వదిలేసి, ఇంటర్నెట్టు పేర్ల నిబంధనలు రాసే అంతర్జాతీయ సమావేశాలకు వెళ్లసాగింది.

ఆమె కోరినవి రెండు. గడువు తీరిన పేరును పాతవారిని అడగకుండా మరొకరికి ఇవ్వరాదు. ఇదివరకే లాక్కున్న పేర్లకూ ఇది వర్తించాలి. అందుకు ఆధారంగా తెడ్డు సంగతి చెప్పినప్పుడు సమావేశం అధ్యక్షుడు చిరునవ్వుతో, మీ ఊరి జానపదం చాలా అందంగా ఉందన్నాడు. సభ నవ్వింది.

"ఇది జానపదం కాదు, చట్టం. మీదానికంటే పాతది. దొంగకు వీలుగా రాసింది కాదు, అదొక్కటే తేడా" అంది ఈశ్వరి. మైకు ఆపేశారు. ఆమె మైకు లేకుండానే మిగతాది చదివింది.

మూడేళ్ల తర్వాత మొదటి కోరికను ఒప్పుకున్నారు, రెండోదాన్ని కొట్టేశారు. తోటివారు అభినందించారు. ఈశ్వరి కూడా అంతవరకు చాలుననుకుని ఇంటికి వచ్చింది.

గంగాలమ్మ ఇసుక మీద నెత్తళ్లు తిరగేస్తోంది. "గెలిసినావంట గదే?"

"సగం పిన్నీ. ఇకనుంచి ఎవుల పేరూ అడక్కుండా పట్టుకుపోలేరు."

"మరి మనదో?"

"అది రాదు. కొత్త పేరొకటి ఎట్టుకుందాం, నాను రాయిస్తాను."

గంగాలమ్మ చేతిలోని గంపను నేలకేసి కొట్టింది. "మన సోట్లో పడవెట్టినోడు దొంగయితే, సోటు మార్సుకోవలసింది నానా? నువ్వు నాకు ప్లీడరువా, ఆడికి గుమస్తావా?"

ఈశ్వరి ఇసుక మీద కూర్చుంది. చెదిరిన నెత్తళ్లు ఏరి గంపలో వేసింది. తిట్టు న్యాయమైనదని తెలిసినా ఆమె కోపం తగ్గలేదు. ఎవరి మీద పడాలో వాళ్ల మీదికి, ఆ నిబంధనలు రాసేవాళ్ల మీదికి తిరిగింది.

కొత్త పేరు రాయించలేదు. తర్వాతి సమావేశానికి ఆమె మళ్లీ అభ్యంతరం పంపింది. చోటు మార్చుకోవలసింది దొంగా, సొంతదారా అన్నది అందులో మొదటి వాక్యం. అది గంగాలమ్మ మాటగా, ఆమె పేరుతోనే పెట్టింది. ఆ వాక్యం తీసేస్తే పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

ఈశ్వరి తీసేయలేదు. మరుసటి ఏడు అదే వాక్యంతో మళ్లీ పంపింది.