ముంజలమ్మే అవ్వ, రెండు చెట్టుకప్పలు

ఆ ఏడాది రాజమండ్రి నుంచి ముత్తుకూరుకు బదిలీ అయి కారులో బయల్దేరాం. వెనక సీట్లో మా అమ్మాయి చిన్ని ఒళ్ళో చిల్లులు పెట్టిన డబ్బా. అందులో తడిగుడ్డ మీద తను పెంచుకుంటున్న రెండు చెట్టుకప్పలు. కావలి దగ్గరకొచ్చేసరికి కారులో ఏసీ పాడైంది. మండుటెండ.

"అమ్మా, ఇవి కదలడం లేదు" అని చిన్ని ఏడుపు మొదలుపెట్టింది. మా సీసాల్లో నీళ్ళు అప్పటికే వేడెక్కిపోయాయి.

రోడ్డు పక్క పందిరి కింద ముంజలమ్మే అవ్వ కనిపిస్తే, డబ్బాతో సహా చిన్నిని దింపి చల్లటి నీళ్ళు అడిగాను. ఆమె డబ్బాలోకి తొంగిచూసింది.

"ఏంది పాపా, కప్పలు వాడిపోయినాయే! ఉండు, నేను పోస్తా."

చెప్పులు విడిచి, కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, వేళ్ళ సందుల్లోంచి మెల్లగా వాటి మీద వదిలింది.

"మా చిన్నప్పుడు వాన పడకపోతే కప్పను రోకలికి కట్టుకోని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ప్రతి ఇంట్లో ఇట్నే నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పుడెవురు తిరగతన్నారు?"

కాసేపటికి ఒక కప్ప కళ్ళు తెరిచింది. రెండోది డబ్బా గోడ ఎక్కింది. అవ్వ వాటికి దణ్ణం పెట్టుకుంది. మా చుట్టాలంతా వాటిని చూసి మొహం చిట్లించినవాళ్ళే. కప్పకు దణ్ణం పెట్టిన మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

"అవ్వా, పట్టుకుంటావా?" అంది చిన్ని.

తడి అరచేతిలో కప్ప బుద్ధిగా కూర్చుంది. "ఎన్నాళ్ళయిందో!" అని అవ్వ పకపకా నవ్వింది.

కప్పలు కొత్తింటికి క్షేమంగా చేరాయి. ఇన్నేళ్ళయినా నాకు గుర్తున్నది మాత్రం, పందిరి కింద చెప్పుల్లేకుండా నిలబడి చిన్నపిల్లలా నవ్విన ఆ అవ్వే.