హసన్‌కు ఆకుపచ్చ అంచు

నెవ్యానా టీచరు ముప్పయ్యేళ్లుగా ఆరో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతోంది. పుస్తకం తెరిస్తే చాలు, పిల్లలు కిటికీలోంచి మేకల్ని లెక్కపెడతారు. తప్పు వాళ్లది కాదు. ఆ పుస్తకంలో రాజులే తప్ప మనుషులుండరు. అందుకని ఆ సెప్టెంబరులో పుస్తకాలు మూయించి, "మీ ఇళ్లలో దాచిన చావు కాగితాలు పట్టుకురండి" అంది.

తల్లులు సణుక్కుంటూనే ఇచ్చారు. ఎవరైనా పోతే వాళ్ల ఫొటో, పేరు అచ్చేయించి తలుపులకూ బస్సు ఆగే చోట గోడకూ అంటిస్తారు; అలా అంటించగా మిగిలినవి ప్రతి ఇంటి పెట్టెలోనూ ఉంటాయి. పిల్లలు వాటిని బల్లల మీద ఏళ్లవారీగా పేర్చారు. గనిలో పోయినవాళ్లెవరో, ఎక్కడో పుట్టి ఇక్కడ పోయినవాళ్లెవరో వాళ్లే వెతికి పట్టుకున్నారు. సిలువ ఉన్నవాటికి నల్లంచు, నెలవంక ఉన్నవాటికి ఆకుపచ్చంచు. రెండు దొంతరలూ పక్కపక్కనే పెరిగాయి. మేకల వంక ఎవరూ చూడలేదు.

సెలీన్ తెచ్చిన కాగితం దగ్గర అందరి చేతులూ ఆగాయి. ఫొటోలో ఉన్నది వాళ్ల తాత. చుట్టూ నల్లంచు. కింద పేరు అసెన్.

"మీ తాత మా దొంతరలోకి ఎప్పుడు దూరాడే?" అన్నాడు కలోయాన్.

"మా తాత పేరు హసన్. ఈ అసెన్ ఎవరో నాకు తెలీదు."

నెవ్యానాకు తెలుసు. తెలిసీ, "ఇంటికెళ్లి మీ నానమ్మని అడుగు" అని తప్పించుకుంది. మర్నాడు సెలీన్ జవాబు తెచ్చింది. "మీ టీచర్నే అడగమంది."

ఆ సాయంత్రమే నెవ్యానా వాళ్లింటికి వెళ్లింది. సెలీన్ నానమ్మ హతిజే అరుగు మీద కూర్చుని పొగాకు ఆకులు సూదికి గుచ్చుతోంది. తలెత్తలేదు.

"రా టీచరమ్మా. నాలుగిళ్ల దూరం రావడానికి ఇరవయ్యారేళ్లు పట్టిందా?"

"పిల్లలు హసన్ గురించి అడుగుతున్నారు, అక్కా. నువ్వొచ్చి చెబితే బాగుంటుంది."

"నాకు సంతకమే రాదు. చదువుకున్నదానివి నువ్వు. ఆ రోజు రిజిస్టరు పట్టుకున్న చెయ్యీ నీదే." ఇంకో ఆకు గుచ్చింది. "ముందు నువ్వు చెప్పు. చెప్పావని నా మనవరాలి నోట వింటే, అప్పుడు నేను నోరు విప్పుతా. లేదా, ఆ కాగితం కథ నాతోపాటే మట్టిలోకి పోతుంది."

ప్రభుత్వం చేసిందని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అది అబద్ధమూ కాదు. నెవ్యానా ఇన్నేళ్లూ ఆ మాట చాటునే బతికింది.

మర్నాడు తరగతిలో ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"ఎనభై అయిదు చలికాలంలో ఈ కొండల్లో ముస్లింలందరి పేర్లూ బలవంతంగా తీసేసి క్రైస్తవుల పేర్లు పెట్టారు. హసన్ అసెన్ అయ్యాడు. మరుసటేడు పోతే, ఆ పేరుతోనే, నల్లంచుతోనే కాగితం వెయ్యమన్నారు. ఈ గదిలో పద్నాలుగు మంది పిల్లలకి కొత్త పేర్లున్న చిట్టా నాకిచ్చారు. నేను చదివాను. సెలీన్ వాళ్ల నాన్న షుక్రీ ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చునేవాడు. కొత్త పేరుతో పిలిస్తే పలకలేదు. మూడు రోజులు చూశాను. కళ్లెదురుగా కూర్చున్న పిల్లాడు బడికి రాలేదని రిజిస్టరులో రాశాను."

కలోయాన్ నెమ్మదిగా అడిగాడు. "మీరెందుకు చదివారు?"

"ఉద్యోగం పోతుందని."

"అంతేనా?"

"అంతే."

సెలీన్ ఆమె ముఖం చూడకుండా సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు బడికి రాలేదు. ఆ రెండు రోజులూ నెవ్యానా అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మూడోనాడు సెలీన్ వచ్చి, "నానమ్మ అందర్నీ రమ్మంది" అంది.

హతిజే చెబుతుంటే పిల్లలు రాసుకున్నారు. హసన్ రాళ్లు చెక్కేవాడు. వాగు మీది మూడు వంతెనలూ అతనివే. పాట రాదు, అయినా పాడేవాడు. పేరు పోయిన రోజు నుంచి పాడలేదు. మామూలుగా ఆ కాగితాల మీద అందరికీ ఒకటే ఏడుపు మాటలుంటాయి. పిల్లలు హసన్‌కు మళ్లీ ఒకటి రాసి, ఆ మాటల బదులు ఇవి పెట్టారు.

కొత్త కాగితం అచ్చయి వచ్చింది. ఆకుపచ్చంచు, నెలవంక, పైన హసన్ అన్న పేరు. బస్సు ఆగే చోట గోడ దగ్గర నెవ్యానా జిగురు డబ్బా అందుకోబోయింది.

"నీ చెయ్యి వద్దు," అంది హతిజే. "చెప్పావు, మంచిదే. చెప్పావు కాబట్టి నేనూ చెప్పాను. క్షమించానని ఎవరితోనూ అనకు."

"అనను అక్కా."

పిల్లలు గోడకు జిగురు పూశారు. సెలీన్ కాగితాన్ని మడత పడకుండా అరచేత్తో అద్దింది. నెవ్యానా రోడ్డుకు అవతల నిలబడి, వాళ్ల పని అయ్యేదాకా చూసింది.