మూడో టెర్మినల్ మీద వచ్చిన మాట

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా బోరబండలో ఫలానా గుట్ట దగ్గర ఏదో తిరుగుతోందని చెప్పుకునేవారు. ఆ గుట్ట పక్కనుంచే ఒంటరిగా నడిచి డ్యూటీకి పోయేదాన్ని. ఇప్పటికీ అలాంటివి నమ్మను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది జరిగింది.

డెబ్బైల చివర్లో మూసాపేట వైపు ఒక ఫ్యాక్టరీలో నేనూ మా అన్న యాదగిరీ పనిచేసేవాళ్లం. ఇప్పుడు అద్దాల మేడలున్న దిక్కంతా అప్పుడు రాళ్లూ తుప్పలే. మాకు నాన్న లేడు. నాకు టైపు నేర్పించి ఆ ఉద్యోగంలో పెట్టించింది అన్నే.

మెయిన్ బిల్డింగులో పెద్ద కంప్యూటరు ఉండేది. అన్న దాని టెక్నీషియన్. అవతల స్టోర్స్ బిల్డింగులో మూడు టెర్మినళ్లు. ఒక్కోదానికి ఒక కీబోర్డు, కాగితం మీద అచ్చుకొట్టే ప్రింటరు, పెద్ద కంప్యూటరు దాకా విడిగా ఒక కేబుల్. వాటికి సొంత డిస్కు లేదు. పొద్దున స్విచ్ వేస్తే, అవి నడవడానికి కావలసిన ప్రోగ్రాం కూడా కేబుల్ మీద పెద్ద మిషన్ నుంచే రావాలి. సాయంత్రం కరెంటు ఆపితే లోపల ఏమీ మిగలదు.

విడిభాగాల జాబితాలు కూడా ఆ కేబుల్ మీదే ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఏ ముక్కయినా తేడాగా వస్తే టెర్మినల్ దాన్ని మళ్లీ అడిగేది. నాలుగైదుసార్లు అడిగినా సరిగ్గా రాకపోతే ఎర్రర్ అని కొట్టి ఆగిపోయేది. అప్పుడు అన్న అక్కడినుంచి ఒక చిన్న వాక్యం పంపి చూసేవాడు. అది సరిగ్గా వస్తే కేబుల్ బాగున్నట్టు. మిగతా రెండింటికీ అంకెలు పంపేవాడు. నేను కూర్చునే మూడో టెర్మినల్‌కు మాత్రం, ఇంగ్లీషు అక్షరాల్లో, "చెల్లె తిన్నవా" అని పంపేవాడు. నేను "తిన్న" అని కొట్టేదాన్ని. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఒకరోజు పొద్దున సైకిల్ మీద డ్యూటీకి వస్తుంటే అన్నను లారీ గుద్దింది. దవాఖానకు చేరకముందే పోయాడు. ఇరవై ఆరేళ్లు.

దినాలు అయ్యాక నేను మళ్లీ పనిలోకి వెళ్లాను. ఇంట్లో ఉంటే అమ్మ ముఖం చూడలేక వెళ్లానన్నది నిజం. అప్పటికే మూడో టెర్మినల్ సతాయిస్తోంది. ఏ జాబితా పంపినా సగంలో ఆగిపోతోంది. అన్న స్థానంలో మూర్తిగారని కోస్తా వైపు ఆయన వచ్చారు. నెమ్మదైన మనిషి. లోపలి సర్క్యూట్ కార్డులు మార్చారు, కనెక్టర్లు విప్పి శుభ్రం చేశారు, రెండో టెర్మినల్‌ను నాదాని స్థానంలో పెట్టి చూశారు. అయినా తప్పు తప్పే.

నేను పనిలోకి వచ్చిన మూడోరోజు పదకొండు గంటలప్పుడు, కేబుల్‌నే పరీక్షించాలని ఆయన అవతలి కొసను పెద్ద మిషన్ నుంచి పీకేసి మా బిల్డింగుకు వచ్చారు. మీటరు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు. అప్పుడు ప్రింటరు కదిలింది. ఒక్క వరుస కొట్టి ఆగింది.

చెల్లె తిన్నవా.

మూర్తిగారు వంగి చదివారు. "ఇదేంటండీ? ఎవరు పంపుతున్నారు?" అన్నారు. ఆయన మెయిన్ బిల్డింగుకు ఫోన్ చేశారు. అక్కడి ఆపరేటరు గొంతు నాకూ వినిపించింది. "వైరు బల్ల మీదనే పడి ఉంది సార్. ఎవ్వలు ముట్టలే."

నా వేళ్లు వాటంతటవే "తిన్న" అని కొట్టాయి. అది అబద్ధం. ఆ రోజు నేనేమీ తినలేదు.

మూర్తిగారు కాగితం చింపి నా చేతిలో పెట్టారు. వెళ్లి కేబుల్ మళ్లీ కలిపారు. జాబితా మొదటినుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. రిపోర్టులో ఆయన "కనెక్షన్ లూజు" అని రాశారు. ఇంకేం రాస్తారు?

సాయంత్రం అమ్మకు ఆ కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు. నేనే చదివి, జరిగిందంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది.

"మరి నువ్వడిగినవా బిడ్డా, అన్న తిన్నడా అని?"

నేను లేదన్నాను.

"ఆ పొద్దుగాల చాయ గూడ తాగకుంట పోయిండు. రొట్టె చేస్త, జర ఆగురా అంటె, మిషిన్ ఆగిపోయిందమ్మా, వచ్చినంక తింట అన్నడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తర్వాత ఎందరో ఇంజనీర్లను అడిగాను. పీకేసిన కేబుల్ మీద అక్షరాలు రావు అన్నారు. నాకూ తెలుసు రావని.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, టెర్మినల్ ఆన్ చేసి, "అన్నా నువ్వు తిన్నవా" అని కొట్టాను. జవాబు రాలేదు. ఆ మిషన్లు తీసేసేదాకా రోజూ పొద్దున అదే కొట్టేదాన్ని. జాబితాలు మాత్రం ఒక్క తప్పు లేకుండా వస్తూనే ఉన్నాయి.