మిగతా సగం పక్క కొట్లో

మా బావకి ఉన్నది ఒక్కటే పిచ్చి, బ్రాండు. సబ్బులకీ చెప్పులకీ ఉండే బ్రాండు కాదు, తనే ఒక బ్రాండైపోవాలని. బావది క్షౌరశాల. చేతిలో కత్తెర ఉన్నంతసేపు తను పనివాడనీ, ఫోను పట్టుకున్న మరుక్షణం బ్రాండైపోతాననీ ఆయన లెక్క.

అద్దం పక్కన ఒక పలక వేలాడదీశాడు. దానిమీద ‘పని వేళలు’, ‘బ్రాండు వేళలు’ అని రెండు గళ్లు. మొదట్లో బ్రాండు గడి బొటనవేలంత ఉండేది. పోనుపోను అది బలిసి పని గడిని ఓ మూలకి నెట్టేసింది.

“కస్టమర్లు పోతారు బావా,” అన్నాను ఓసారి.

“పనిలోనే పడి ఉంటే నేనెవరో జనానికెలా తెలుస్తుందిరా? టైముని పిండాలి, ఇదిగో ఇలా!” అంటూ చేతిలోని తడి తువ్వాలు పిండి చూపించాడు. నీళ్లన్నీ నా చెప్పులమీద పడ్డాయి.

బ్రాండు వేళ అయిందంటే చేతికింద ఎవరి తల ఉన్నా ఆయనకి పట్టదు. ఓ రోజు బ్యాంకు మేనేజరుగారు కుర్చీలో ఉన్నారు. ఎడమ పక్క పూర్తికాగానే బావ కత్తెర కింద పెట్టేశాడు.

“అదేమిటయ్యా, ఆపేశావు?”

“బ్రాండు టైమండీ. మిగతా సగం పక్క కొట్లో గురువుగారు చేస్తారు. డబ్బులూ ఆయనకే ఇచ్చెయ్యండి.”

“ఈ తలతో వీధిలోకి ఎలా వెళ్ళనయ్యా?”

“ఎడమ పక్క జనం వైపు పెట్టి నడవండి. బాగా కుదిరింది.”

బావకి కత్తెర పట్టడం నేర్పింది ఆ గురువుగారే. ఆయనకి వచ్చిన క్రాపు ఒక్కటే, వయసుతో పనిలేకుండా అందరికీ అదే. అందుకే ఆయన కుర్చీ ఖాళీ పడిపోయిందనీ, ఇక కొట్టు మూసేస్తానని అంటున్నారనీ వీధందరికీ తెలుసు. జాలి చూపిస్తే మాత్రం మండిపడతారు. పాపమని ఎవరో రోజూ గడ్డానికి వస్తుంటే, “నీకు మొలిచాక రా!” అని తరిమేశారు.

మేనేజరుగారు ఎడమవైపు కుర్రాడిగానూ కుడివైపు తన తాతగారిగానూ బ్యాంకుకి వెళ్ళారు. అయినా మళ్ళీ బావ దగ్గరికే వచ్చారు. బావ కబుర్లు అలాంటివి.

బ్రాండు వేళల్లో, వీడియోల కోసమంటూ కొట్లో తెర వెనకనుంచి “నమస్కారం మిత్రులారా! తల అన్నాక...” అని బావ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. మా అక్క తల పట్టుకునేది.

“నాతో మాట్లాడమంటే నోరు పెగలదురా మీ బావకి. ఆ ఫోనుతో మాత్రం కాపురం చేస్తున్నారు.”

ఆ వీడియోలు చూద్దామని పేరు అడిగితే, “పేరింకా ఖాయం కాలేదురా,” అని తప్పించుకునేవాడు. పేరు లేని బ్రాండేమిటో నాకు అంతుపట్టలేదు.

మొన్న అక్క ఇచ్చిన క్యారేజీ పట్టుకుని నేరుగా తెర వెనక్కి వెళ్ళాను. బావ ముక్కాలిపీట మీద కూర్చుని వేరుశనగలు నములుతూ గోడకి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఫోను ఓ మూల చార్జింగు లేక చచ్చి పడి ఉంది. కళ్ళు మాత్రం కిటికీలోంచి గురువుగారి కొట్టుమీద ఉన్నాయి.

“వస్తూ చూశావా, గురువుగారి బల్లమీద ఎంతమందున్నార్రా?” అన్నాడు గొంతు తగ్గించి.

“ఇద్దరు.”

“చాలు. ఇవాళ్టికి బ్రాండు బంద్,” అని చేతులు దులుపుకుని, నా మొహం చూసి నసిగాడు. “కస్టమర్లని ఊరికే పంపితే ఆయన కత్తెర విసిరికొడతాడురా. నేను పనికిమాలినవాణ్ణయితేనే ఆయనకి పని. అక్కకి చెప్పకు, నవ్వుతుంది.”

నవ్వు నాకే ఆగలేదు. ఆ మనిషంటే మరికాస్త ఇష్టం కూడా పుట్టింది.

బయటికి రాగానే గురువుగారు గుమ్మంలోంచి కేకేశారు. “ఏరా అబ్బాయ్, మీ బావకి కాస్త బుద్ధి చెప్పకూడదూ? కొట్టు కట్టేసి తన దగ్గరికి వచ్చెయ్యమని మా అమ్మాయి ఒకటే పోరు. ఎలా పోను? నేను లేకపోతే ఆ వెధవ వీధిన పడడూ!”

విసుక్కుంటూనే గుడ్డ దులిపి, హుషారుగా బల్లవైపు తిరిగారు.

“ఎవరయ్యా కుడి పక్క మిగిలినాయన? రండి, రండి!”